తెల్లబడ్డ పగడానికి జబ్బేమిటి?

తాండూరు బండ మీరందరూ చూసిందే. ఇంట్లో నేలకూ, వీధి అరుగుకూ పరిచేది అదే. ఒక ముక్కను మేకుతో గీకి, ఆ పొడి మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. బుసబుసమని బుడగలు వస్తాయి. ఆ రాతిలో కాల్షియం కార్బొనేట్ వుందనడానికి అదే గుర్తు. కోట్ల యేళ్ల క్రితం, ఈనాటి రాతి పగడాలు భూమ్మీద పుట్టకముందే, ఇక్కడ సముద్రం వుండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురదే ఈ బండ.

రాతి పగడం కూడా ఈ పదార్థంతోనే ఇల్లు కట్టుకుంటుంది. పగడం మొక్కా కాదు, రాయీ కాదు. అది జంతువు! నోటి చుట్టూ మీసాలున్న చిన్న సంచిలాంటి జీవిని పాలిప్ అంటారు. వేల పాలిప్‌లు పక్కపక్కన చేరి, తాము కట్టుకున్న రాతి మీద పలుచని మాంసపు పొరగా బతుకుతాయి. ఆ పొరలో గోధుమరంగు నాచుకణాలు కాపురముంటాయి. అవి ఎండలో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి.

కొన్ని దేశాల్లో ఇళ్లలో వుప్పునీటి తొట్లు పెట్టి రాతి పగడాలను పెంచుతారు. మన దేశంలో 2001లో వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. సముద్రం నుంచి వీటిని తీయడం, అమ్మడం నేరం. అంచేత మీరూ ఒక పగడం కొనండని చెప్పడం నా వుద్దేశం కాదు. కాని ఆ తొట్లు పెంచేవాళ్లకు ఎదురయ్యే ఒక చిక్కులో మనం నేర్చుకోవలసింది చాలా వుంది.

ఒకనాటి పొద్దున చూస్తే పగడం కొమ్మ తెల్లగా కనబడుతుంది. వెంటనే ఏదో జబ్బు పేరు చెప్పి, తొట్టిలో మందు పోసేవాళ్లున్నారు. ఇది తప్పు పద్ధతి అంటాను. తెల్లబడటం లక్షణమే గాని జబ్బు పేరు కాదు. ముందు వేయవలసినవి ప్రశ్నలు.

మొదటి ప్రశ్న: మాంసం వుందా, పోయిందా? భూతద్దంతో చూడండి. గాజులాంటి పొరా, కదిలే మీసాలూ కనిపిస్తే పగడం బతికే వుంది. లోపలి నాచుకణాలు మాత్రం వెళ్లిపోయాయి. దీన్ని వెలిసిపోవడం అంటారు. నీరు వేడెక్కితే ఇలా జరుగుతుంది. పొర లేకుండా చిన్న గుంటలున్న వుత్త రాయి కనబడితే, అది కణజాలం వూడిపోవడం. ఈ రెండూ వేరు వేరు.

రెండవ ప్రశ్న: ఎంత వేగంగా పోతోంది? కొత్తగా బయటపడ్డ రాయి మల్లెపువ్వులా వుంటుంది. కొద్ది రోజులకు దాని మీద నాచు పట్టి ఆకుపచ్చగానో గోధుమగానో మారుతుంది. కాబట్టి తెల్లని పట్టీ వెడల్పుగా వుంటే జబ్బు పరుగెడుతోందన్నమాట. సన్నగా వుంటే నెమ్మదిగా నడుస్తోంది.

మూడవ ప్రశ్న: ఎక్కడ మొదలైంది? పక్క పగడం వైపునే పోయిందా? రాత్రిళ్లు పొడుగాటి మీసాలు చాచి పొరుగువారిని కుట్టే పగడాలున్నాయి సుమా! కొరికిన గాట్లలాంటి మచ్చలున్నాయా? అయితే దొంగను వెతకాలి. పగడాన్ని తినే నత్తలూ, చదును పురుగులూ వున్నాయి.

నాలుగవ ప్రశ్న: ఒక్కదానికేనా, అన్నింటికీనా? తొట్టిలోని రకరకాల పగడాలు ఒక్కసారే చెడితే ముందు నీటిని అనుమానించాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల వుప్పు, 410 మిల్లీగ్రాముల కాల్షియం వుంటాయి. వుప్పు, వేడి, క్షారత హఠాత్తుగా మారితే పగడం తట్టుకోలేదు.

చూశారా, తెల్లదనం ఒకటే, కారణాలు ఎన్నో. నత్త తింటూంటే క్రిములను చంపే మందు పోసి ఏం లాభం? పైగా తొట్టిలో విషమైన అమ్మోనియాను మార్చివేసే మంచి బాక్టీరియా ఆ మందుకు చచ్చిపోతే, బాగున్నవి కూడా చస్తాయి!

“ఇవన్నీ ఆలోచిస్తూ కూర్చుంటే ఈలోగా పగడం చస్తుంది గదా?” అని మీరు అడగవచ్చు. నిజమే, కొన్నిసార్లు ఒక్క రోజులోనే కొమ్మంతా వూడిపోతుంది. అప్పుడు బాగున్న కొమ్మను విరిచి వేరే తొట్టిలో పెడతారు. దానికి జబ్బు పేరు తెలియనక్కరలేదు. ప్రాణం కాపాడటం వేరు, గుడ్డిగా మందు పోయడం వేరు.

మందు అసలే వద్దని కాదు. 2014లో అమెరికాలోని మయామీ దగ్గర కణజాలం వూడిపోయే జబ్బు ఒకటి కనిపించింది. అది కరిబియన్ సముద్రమంతా పాకి, 20కి పైగా జాతుల పగడాలను పట్టుకుంది. అక్కడి ఈతగాళ్లు పుండు అంచును గుర్తించి, సరిగ్గా అక్కడే అమాక్సిసిలిన్ కలిపిన ముద్ద పూస్తారు. ముందు చూపు, తర్వాత మందు.

వికారాబాదు దగ్గర అనంతగిరి కొండ మీద నిజాం కాలంలో క్షయ రోగులకు ఆసుపత్రి కట్టారు. క్షయ అంటే తరిగిపోవడమే. మనిషి చిక్కిపోవడానికి కారణాలు అనేకం. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని చూపించాక, కళ్లె పరీక్షించి నిర్ధారించే వీలు కలిగింది. పగడాల విషయంలోనూ శాస్త్రజ్ఞులు ఆ బాటే పట్టారు. ఫ్లోరిడాలో దుప్పికొమ్ముల్లాంటి పగడాలకు తెల్లమచ్చలు వస్తూంటే కారణం వెతికారు. మనుషుల మురుగునీటిలోని సెరాషియా అనే బాక్టీరియా ఆ రోగం తెప్పించగలదని 2011లో ప్రయోగంతో రుజువు చేశారు. అంటే చికిత్స జరగవలసింది పగడానికి కాదు, మురుగు కాలువకు!

సముద్రంలోనైతే ఈ తేడా మరీ ముఖ్యం. 1998, 2010, 2016 సంవత్సరాల్లో మన్నారు సింధుశాఖలోనూ, లక్షద్వీపాల్లోనూ పగడాలు వెలిసిపోయాయి. వెలిసిన పగడం చచ్చినట్లు కాదు. నీరు త్వరగా చల్లబడితే కొన్ని కోలుకుంటాయి. చచ్చిపోయిందని వదిలేస్తే దాన్ని కాపాడే ప్రయత్నం కూడా ఆగిపోతుంది.

మన వూళ్లలో పగడాలు లేవు. కంది చేలున్నాయి. ఈసారి తాండూరు వైపు చేలో కందిమొక్క వాడిపోతే, ఫలానా తెగులని వెంటనే అనేయకండి. పెద్దవాళ్లనడిగి ఒక మొక్క పీకి, కాండం నిలువునా చీల్చి చూడండి. లోపల నల్లని చారలు కనబడితే అది ఎండు తెగులు కావచ్చు. కనబడకపోతే నీటి ఎద్దడో, మరొకటో వెతకండి. మందు డబ్బా మూత తీసేది ఆ తర్వాతే.