ఇంటర్ తర్వాత నటన నేర్చుకోవాలంటే మన పిల్లలు ఎక్కడికి పోవాలి?

ఇంటర్ ఫలితాలు రాగానే ఇంజినీరింగ్ సీట్ల గురించి ఊరంతా మాట్లాడుతుంది. నటన నేర్చుకుంటానన్న దళిత విద్యార్థికి మాత్రం దారి చెప్పేవాళ్లుండరు. ఇంట్లో ‘అది తిండి పెడుతుందా?’ అంటారు. బయట ‘నీ మొహానికి సినిమాలా?’ అంటారు. ఈ మాటలు దాటుకుని వచ్చినవాళ్లకు ఉన్న దారులేమిటో చూద్దాం.

ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959లో మొదలైంది. అక్కడ మూడేళ్ల కోర్సుకు రిజర్వేషన్లున్నాయి, విద్యార్థులకు నెలనెలా స్కాలర్‌షిప్ ఉంది. పుణెలోని ఎఫ్‌టీఐఐలో నటన కోర్సు ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల్లో పీజీ ఉంది. వీటిలోనూ రిజర్వేషన్లున్నాయి. కానీ మూడింటికీ డిగ్రీ కావాలి. ఎన్‌ఎస్‌డీకైతే నాటకాల్లో పాల్గొన్న అనుభవం చూపాలి, హిందీ, ఇంగ్లీషు తెలిసుండాలి. అంటే ఇంటర్ పాసైన మన పిల్లలకు ఈ సంస్థల్లోని రిజర్వేషన్ కనీసం మూడేళ్ల దాకా అక్కరకు రాదు.

ఈ మూడేళ్ల ఖాళీలోకే ప్రైవేటు శిక్షణ సంస్థలు వస్తున్నాయి. డబ్బు కడితే వెంటనే చేర్చుకుంటాయి. అక్కడ రిజర్వేషన్ ఉండదు. గుర్తింపు లేని సర్టిఫికెట్ కోర్సుకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రాదు. సెంటు భూమి లేని ఇంట్లో ఆ ఫీజు వడ్డీకి తేవాల్సిందే. కోర్సు అయ్యాక అవకాశాలిచ్చేది సర్టిఫికెట్ కాదు, పరిచయాలు. తెలుగు సినిమాలో ఆ పరిచయాలు ఏ కులాల చేతిలో ఉన్నాయో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన న్యాయం దానంతటదే జరగదు. కేరళలోని కొట్టాయం దగ్గర తొలి దళిత రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ పేరుతో ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అడ్మిషన్లలో రిజర్వేషన్‌ను పక్కనపెట్టారని, పారిశుధ్య కార్మికులతో డైరెక్టర్ ఇంట్లో పని చేయించారని ఆరోపిస్తూ 2022 డిసెంబర్‌లో అక్కడి విద్యార్థులు సమ్మెకు దిగారు. డైరెక్టర్ ఆ ఆరోపణలను కాదన్నారు. కానీ విద్యార్థులు పట్టు వదల్లేదు. 2023 జనవరిలో ఆయన రాజీనామా చేయక తప్పలేదు.

ఇంకో మాట. నటన మన వాడలకు కొత్తేమీ కాదు. చిందు కళాకారులు తరతరాలుగా యక్షగానం ఆడుతున్నారు. పద్యం, పాట, అడుగు, వేషం అన్నీ చిన్నప్పటి నుంచే నేర్పుతారు. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. అవార్డు ఇవ్వడానికి పనికొచ్చిన ఆ విద్య, సీటు ఇచ్చేటప్పుడు ‘జానపదం’ అయిపోకూడదు. మన యాసను ‘సరిచేసుకో’ అనే గురువులు సరైన భాష ఎవరిదో కూడా చెప్పాలి.

అందుకే విద్యార్థులకు మేము చెప్పేది ఇది. అప్పు చేసి స్వల్పకాలిక కోర్సులో చేరొద్దు. స్కాలర్‌షిప్, హాస్టల్ దొరికే డిగ్రీలో చేరండి. చదువుతూనే వీధి నాటక బృందాలతో, పరిషత్తు నాటకాలాడే సమాజాలతో పని చేయండి. ఆడిన ప్రతి నాటకం కరపత్రం, ఫొటో, సర్టిఫికెట్ దాచుకోండి. రేపు దరఖాస్తులో అవే మీ అనుభవానికి సాక్ష్యం. ఎక్కడ చేరే ముందైనా మూడు ప్రశ్నలడగండి: ఈ కోర్సుకు గుర్తింపు ఎవరిచ్చారు? నిరుడు ఎస్సీ, ఎస్టీ సీట్లు ఎన్ని నిండాయి? కుల వివక్ష ఎదురైతే ఫిర్యాదు ఎవరికివ్వాలి? ప్రభుత్వ సంస్థ జవాబు చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

విద్యార్థి సంఘాలు చేయాల్సిన పని కూడా ఉంది. ఇంటర్ తర్వాత నేరుగా చేరగలిగే నటన డిగ్రీ రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ యూనివర్సిటీల్లో, రిజర్వేషన్‌తో, హాస్టల్‌తో ఉండాలి. చిందు, డప్పు కళాకారులను అక్కడ అధ్యాపకులుగా తీసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కొట్లాడుతున్న మనం ఈ డిమాండ్‌ను కూడా ఆ జాబితాలో చేర్చాలి.