జోకులు సరే, కథేదీ అంటారా?

‘ద హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ’ చదివినవాళ్ళ దగ్గర తరచూ వినే మాట: “జోకులు సరే, కథేదీ?” 1978లో బీబీసీ రేడియోకి రాసినదాన్ని డగ్లస్ ఆడమ్స్ 1979లో నవలగా మలిచాడు. సిరీస్‌లో మొదటిది. బైపాస్ రోడ్డు కోసం ఆర్థర్ డెంట్ ఇల్లు కూల్చడానికి బుల్డోజర్ వస్తుంది. కాసేపటికి అలాంటి కారణంతోనే భూమినీ లేపేస్తారు. నోటీసు 50 ఏళ్ళుగా ఆల్ఫా సెంటారీలో ఉందట, వెళ్ళి చూసుకోకపోవడం మన తప్పేనట!

ఇంతకన్నా కథేం కావాలి? లోకం ఒక పద్ధతిలో నడుస్తుందని నమ్మేవాళ్ళకే బిగువైన ప్లాట్ కావాలి. ఆడమ్స్ వెక్కిరించేది ఆ నమ్మకాన్నే. కంప్యూటర్ 75 లక్షల ఏళ్ళు లెక్కగట్టి చెప్పిన జవాబు 42. ప్రశ్నేంటో మాత్రం ఎవరికీ తెలీదు. రిక్వైర్‌మెంట్స్ తేలకముందే కోడ్ రాసే ఉద్యోగం నాది. నాకది ఉత్త జోకులా అనిపించలేదు. నవ్వించింది కాబట్టి తేలికరకం అనుకుంటే, లోపం పుస్తకంలో లేదు, మన చదువులో ఉంది.