మూడు ఫ్యాన్లు, ఒక కంప్యూటరు



మొన్న వేసవిలో మా అక్కయ్య ఇంటికి వెళ్లినప్పుడు జరిగిన సంగతి ఇది. ఆమె కుమారుడు ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్నాడు. విడి భాగాలు ఒక్కొక్కటిగా కొని, స్వయంగా కంప్యూటరు బిగించుకున్నాడు. ఇంట్లో అందరికీ సంతోషమే. కాని రాత్రివేళ దాని రొదకు పక్క గదిలో పడుకునే నాయనమ్మకు నిద్ర కరువైంది. పెద్దావిడ బాధ చూడలేక, పెట్టెకున్న మూడు ఫ్యాన్లలో రెండింటి తీగలు పీకేశాడు. ఇల్లు నిశ్శబ్దమైంది. అయితే మే నెలలో ఒక మధ్యాహ్నం, ప్రాజెక్టుకు సంబంధించిన పెద్ద లెక్క ఆరు గంటలుగా నడుస్తుండగా, యంత్రం దానంతటదే ఆగిపోయింది. చేసిన పనంతా పోయింది. రిపోర్టు ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజులే గడువు.

"మామయ్యా, ఇంకో రెండు పెద్ద ఫ్యాన్లు కొననా?" అని అడిగాడు.

"కొనడం తరువాత, ముందు పెట్టె తెరువురా" అన్నాను.

కంప్యూటరు ఎందుకు ఆగింది? నేటి ప్రాసెసర్లలో అనేకం సుమారు 95 నుండి 100 డిగ్రీల వేడికి చేరగానే, తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రం ఆగిపోతుంది. ఇది చెడిపోవడం కాదు, హెచ్చరిక.

ఇక తీగల సంగతి. ఫ్యాన్లు ముఖ్యంగా రెండు రకాలు. మూడు పిన్నుల ఫ్యానులో ఒకటి గ్రౌండు, ఒకటి 12 వోల్టుల విద్యుత్తు, మూడవది ఫ్యాను ఎంత వేగంగా తిరుగుతోందో మదర్‌బోర్డుకు చెప్పే తీగ. నాలుగు పిన్నుల ఫ్యానుకు అదనంగా పి.డబ్ల్యు.ఎం. అనే తీగ ఉంటుంది. దీనికి 12 వోల్టులు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి. నాలుగవ తీగలో సెకనుకు సుమారు 25 వేల సార్లు వచ్చే సంకేతాన్ని బట్టి అది వేగాన్ని మార్చుకుంటుంది. మూడు పిన్నుల దానికి అటువంటి తీగ లేదు గనుక, వోల్టేజి తగ్గిస్తేనే దాని వేగం తగ్గుతుంది. దీనినే డి.సి. పద్ధతి అంటారు.

మావాడి ఇంట్లో రొదకు కారణం ఇక్కడే దొరికింది. వాడు కొన్నవి మూడు పిన్నుల ఫ్యాన్లు. బయోస్‌లో చూస్తే ఆ సాకెట్లు పి.డబ్ల్యు.ఎం. పద్ధతిలో ఉన్నాయి. ఫ్యాన్లకు ఎల్లప్పుడూ పూర్తి 12 వోల్టులు వెళ్లడంతో అవి రాత్రింబవళ్లు పూర్తి వేగంతో తిరిగాయి. డి.సి.కి మార్చగానే రొద సగానికి పైగా తగ్గింది. ఒక్క పైసా ఖర్చు లేదు.

రెండవ పొరపాటు గాలి దిశ. సాధారణంగా ముందువైపు ఫ్యాన్లు గాలిని లోపలికి, వెనుకవైపుది బయటికి పంపాలి. మోటారును పట్టుకొనే కమ్మీలు ఏ వైపున ఉంటే ఆ వైపుకే గాలి వెళుతుంది. మావాడు వెనుక ఫ్యానును తిరగేసి బిగించాడు. మూడూ లోపలికే ఊదుతుంటే వేడి గాలి సరిగా బయటికి పోయే దారేది?

మూడవది వేగాన్ని నిర్ణయించడం. ఏ ఫ్యానూ ప్రాసెసరును గది వేడి కంటే చల్లబరచలేదు. గది 10 డిగ్రీలు వేడెక్కితే, అదే పని చేసే ప్రాసెసరు కూడా సుమారు అంతే వేడెక్కుతుంది. జనవరిలో సరిపోయిన అమరిక మే నెలలో చాలదు. అందుకని మేము బయోస్‌లో, ప్రాసెసరు వేడి 50 డిగ్రీల వరకు 40 శాతం, 70 వద్ద 70 శాతం, 80 దాటితే పూర్తి వేగం అని పెట్టాము. వేగం మరీ తగ్గిస్తే కొన్ని ఫ్యాన్లు అసలు కదలవు. కనుక యంత్రం ఆపి మళ్లీ వేసి, అన్నీ తిరుగుతున్నాయో లేదో కళ్లతో చూడాలి.

మరికొన్ని జాగ్రత్తలు: ప్రాసెసరు ఫ్యానును దాని పేరున్న సాకెట్‌కే తగిలించండి. అది తిరగకపోతే చాలా బోర్డులు వెంటనే హెచ్చరిస్తాయి. ఒకే సాకెట్ నుండి రెండు మూడు ఫ్యాన్లకు తీగ చీల్చేటప్పుడు వాటి ఆంపియర్లు కూడి చూసుకోండి. అనేక బోర్డులలో ఒక్కో సాకెట్‌కు 1 ఆంపియరే పరిమితి. పెట్టె తెరిచే ముందు ప్లగ్గు తీసివేయండి. దుమ్ము ఊదేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకోండి. ఊరకే తిరిగే ఫ్యాను కూడా విద్యుత్తు పుట్టించి బోర్డుకు హాని చేయగలదు.

ఆ సాయంత్రమే లెక్క మళ్లీ మొదలుపెట్టాడు. వేడి 76 డిగ్రీలు దాటలేదు. తెల్లవారేసరికి పని ముగిసింది. రిపోర్టు గడువులోగానే అందింది. కొత్త ఫ్యాను ఒక్కటీ కొనలేదు.

ఉదయం కాఫీ తాగుతూ నాయనమ్మ అడిగింది: "రాత్రి కరెంటు పోయిందట్రా? ఏ చప్పుడూ లేదే!"

వచ్చే నెల మరల కలుసుకుందాం.