పటం మాది, గోడ ఎవరిది?

ఎం.ఎఫ్.ఏ. ఆఖరి ఏడు మా బ్యాచ్ బొమ్మల కథల ప్రదర్శన పెట్టింది. ఒక్కొక్కరం ఒక్కో కథను వరుస బొమ్మల్లో చెప్పాలె. ఒకరు వాళ్ల తాతగారి మండువా ఇల్లు గీసిండ్రు. ఇంకొకరు నగరంలో ఒంటరితనం గీసిండ్రు. వాటి కింద చీటీల మీద ‘సమకాలీన కథనం’ అని ఉన్నది. నా పటం కింద ‘జానపదం’ అని ఉన్నది. అదే క్లాసుల కూసున్న, అదే పరీక్ష రాసిన. నేనెప్పుడు జానపదుణ్ణయిన?

బొమ్మల కథల చరిత్ర చెప్పేటప్పుడు మా సారు బేయూ కుట్టుగుడ్డ స్లైడ్లు వారం రోజులు చూపెట్టిండు. సుమారు 70 మీటర్ల గుడ్డ, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన కథ. గొప్పదే, కాదనను. మరి గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్ర రంగు మీద కులకులానికి ఒక పురాణం గీసిన చేర్యాల నకాషీల సంగతో? ‘హస్తకళలు’ అని రెండు నిమిషాల్లో దాటేసిండు. పద్మశాలీలకు కూనపులోళ్లు మార్కండేయ పురాణం చెప్తరు. మాదిగలకు డక్కలోళ్లు జాంబపురాణం చెప్తరు. పటం విప్పుకుంట, బొమ్మ మీద కట్టె పెట్టి చూపెట్టుకుంట రాత్రిళ్లు కథ నడిపేటోళ్లు. ఇది కథాచిత్రణ కాకుంటే మరేంది సారూ? 2011లో వచ్చిన ‘భీమాయన’లో అంబేడ్కర్ జీవితాన్ని గీసింది పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం. ఆ గీతలకు ఈ కాలం కథ చెప్పరాలేదా?

మా నాయిన లందల తోలు ఊనేటోడు. తంగేడు చెక్క వాసన ఆయన ఒంటిని ఇడిసేది కాదు. బడి పుస్తకంల ఏ బొమ్మా మా నాయిన లెక్క లేకుండె. పటంల మాత్రం భూమి పుట్టకముందే పుట్టిన ఆది జాంబవుడు ఉండె. ఊరి చివర ఉన్నోళ్లం సృష్టికి మొదట ఉన్నమని నాకు చెప్పిన మొదటి బొమ్మ అది.

నా పటంల పన్నెండు గళ్లు. లంద, బడిల వెనుక వరుస, హాస్టల్ పురుగులన్నం, రాని స్కాలర్‌షిప్, ఇట్ల పదకొండు. పన్నెండో గడిల డక్కలి తాత మా వాడ బయట వేపచెట్టు కింద కూసున్నడు. మా అవ్వ అంత ఎత్తు నుంచి ఆయన గిన్నెల బువ్వ ఏస్తున్నది.

సారుకు ఆ గడి ఒక్కటే నచ్చింది. “ఇందులో నిజాయితీ ఉంది. మిగతావి తీసెయ్” అన్నడు. ఎందుకు నచ్చదు! పదకొండు గళ్లల్ల దోషి ఆయన కులం, పన్నెండో గడిల దోషి నా కులం. మెట్లు కట్టినోడు పై మెట్టు మీద నిలబడి, కింది రెండు మెట్ల కొట్లాట చూసి మురుస్తడు. అంబేడ్కర్ అసమానత మెట్లుమెట్లుగా ఉంటదన్నది ఇందుకే. నా తప్పు నేను ఒప్పుకుంటే అది నీ తప్పుకు మాఫీ చిట్టీ కాదు. నేనొక్క గడీ తీయలేదు.

అయితే మన దిక్కూ చూసుకోవాలె తమ్ముడా. మా నాయినను దొరల పిల్లలు “అరేయ్” అంటే కడుపు మండింది. అదే నోటితోని నేను చిన్నప్పుడు డక్కలి తాతను “అరేయ్” అన్న.

ప్రారంభం నాడు తాతను పిలిచిన. వాచ్‌మన్ గేటు కాడ ఆపితే పోయి చెయ్యి పట్టుకొని తెచ్చిన. వేపచెట్టు బొమ్మ ముందు చానసేపు నిలబడ్డడు. “మంచిగ గీసినవ్ బిడ్డా. మరి నేనెప్పుడు చెప్పాలె?” అన్నడు.

కార్యక్రమంల ఆయనకు తావు లేదు. చెప్పేటోడు లేని పటం వట్టి గుడ్డ. ఆ సంగతి కాలేజీకి తెల్వదు. సిగ్గుచేటు, పిలిచిన నాకూ తట్టలేదు.

ఆ మాపటికి చీటీ పీకేసి కొత్తది రాసిన: సమకాలీన కథనం. కింద నా పేరు, నా పేరు మీద తాత పేరు. పటం కథలు చెప్పేటోళ్లకు కాలేజీలు గౌరవ వేతనమిచ్చి పాఠం చెప్పించుకోవాలె, మన పేర్లు మనమే రాసుకోవాలె. ఇందుల రాజీ లేదు.

చీటీ మార్చుడు అల్కనే. మా అవ్వ ఇంట్ల తాతను కూసుండబెట్టి కంచంల బువ్వ పెట్టుడే పెద్ద పని. అది చేసిన నాడు పదమూడో గడి గీస్త. అప్పటిదాంక నా పటం పూర్తికాలేదని రాసుకోండ్రి.