అడక్కుండా తీసిన ఫొటో

పోయిన వేసవి సెలవుల్లో మా వదిన, నేను పిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు తిరిగొద్దామని బయల్దేరాం. ఏ ఊరో చెప్పను గానీ, పొద్దున ఒక మ్యూజియం చూశాం. లోపల ఓ గదిలో అద్దాల బీరువాలో పాతకాలం నేత చీర ఒకటి పెట్టారు. అంచు భలే ఉందని మా వదిన ఫోను పైకెత్తిందో లేదో, మూలనున్న గార్డు ఒక్క అరుపు అరిచాడు. "మేడమ్! ఇక్కడ ఫొటోలు తీయకూడదు!" గదిలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. పాపం, ఆవిడ దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ముడుచుకుపోయింది.

మధ్యాహ్నం అక్కడికి గంట ప్రయాణంలో ఉన్న జలపాతానికి వెళ్లాం. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నీళ్లలో దిగారు. పిల్లల కేరింతలు. కాసేపటికి మా వదిన నా మోచెయ్యి పట్టుకుని "అటు చూడు" అంది. ఎదురుగా బండ మీద ముగ్గురు కుర్రాళ్లు. ఒకడి చేతిలో ఫోను. అది జలపాతం వైపు లేదు. మేం ఎటు జరిగితే అది అటు తిరుగుతోంది. అక్కడ అరవడానికి గార్డు లేడు. 'లోతుగా ఉంటుంది, జాగ్రత్త' అన్న బోర్డు మాత్రం ఉంది. ఏం చేశాం? ఎవరైనా చేసేదే చేశాం. పిల్లల్ని లాక్కుని, తడి చీరలతోనే వచ్చి వ్యానెక్కాం.

బీరువాలో చీరకున్న కాపలా, ఒంటిమీద చీర ఉన్న మనిషికి లేదన్నమాట!

నిజానికి మన దేశంలో ఫొటోల మీద ఆంక్షలకు కొదవేం లేదు. పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో చాలాచోట్ల నిషేధం ఉండేది. 2018లో దాన్ని ఎత్తేస్తూ మూడు చోట్ల మాత్రం ఉంచారు. అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్‌లో సమాధులున్న ప్రధాన మందిరం. అజంతా సంగతి అందరికీ తెలిసిందే. రెండు వేల ఏళ్ల నాటి నుంచి వేస్తూ వచ్చిన రంగులు, వెలుతురు పడేకొద్దీ వెలిసిపోతాయి. రక్షణ శాఖ స్థలాల దగ్గర కెమెరా తీస్తే 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉండనే ఉంది. తిరుమలలో ఆలయంలోకి వెళ్లే ముందే ఫోను అప్పగించి రసీదు పుచ్చుకోవాలి. ఇవేవీ తప్పని నేననను. బొమ్మకు రంగు ముఖ్యం, దేశానికి భద్రత ముఖ్యం, గుడికి ప్రశాంతత ముఖ్యం. అయితే ఈ నిబంధనలు రాసినవాళ్లు ఫొటోలో పడేవాటిలో ఏది విలువైనదో లెక్క వేసుకున్నారు కదా, ఆ లెక్కలోకి చూడ్డానికి వచ్చిన మనిషి రాలేదు. అందులోనూ ఆడమనిషి.

కొంచెం మినహాయింపు చెప్పాలంటే, 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు తమిళనాడు ఆలయాల్లో సెల్‌ఫోన్లు నిషేధించాలని చెప్పిన కేసు ఒకటుంది. ముఖ్యంగా అది గుడి పవిత్రత గురించిన కేసే. కానీ మహిళా భక్తుల ఫొటోలు వాళ్లకు తెలియకుండా తీస్తున్నారన్న ఆందోళన కూడా అందులో ఉంది. గుడి గడప లోపల దొరికిన ఆ రక్షణ, గడప దాటి కోనేటి మెట్ల మీదికి వస్తే ఉంటుందా అన్నది వేరే సంగతి.

క్యోటో సందుల్లో...

జపాన్‌లో క్యోటో నగరంలో గియాన్ అని ఒక పేట ఉంది. పాత కర్ర ఇళ్లు, ఇరుకు సందులు. అక్కడ సంగీతం, నాట్యం, అతిథి మర్యాద వృత్తిగా ఉన్న స్త్రీలను గెయికో అంటారు. మనం గెయిషా అని వింటామే, వాళ్లే. ఆ విద్య నేర్చుకుంటున్న అమ్మాయిలు మైకోలు. చాలామంది పదిహేను నుంచి ఇరవై ఏళ్ల లోపు పిల్లలు. సాయంత్రమయ్యేసరికి బరువైన కిమోనోలు కట్టుకుని, ఎత్తు చెక్క చెప్పులతో గబగబా పనికి వెళుతుంటారు. అది వాళ్లకి డ్యూటీ. చూసేవాళ్లకి తమాషా!

పర్యాటకులు పెరిగేకొద్దీ ఈ పిల్లలకు నడవడమే కష్టమైపోయింది. దారికడ్డంగా నిలబడి ఫొటోలు, టాక్సీ ఎక్కబోతుంటే చుట్టుముట్టడం, చెయ్యి పెట్టి కిమోనో లాగడం. చివరికి పేటవాళ్ల సంఘమే కదిలింది. 2019లో తమ సొంత సందుల్లో ఫొటోలు తీయరాదని, తీస్తే పదివేల యెన్లు కట్టాలని బోర్డులు పెట్టింది. మన లెక్కలో ఐదారు వేల రూపాయలు. అది పోలీసులు రాసే చలానా కాదు, పేటవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. దాంతోనూ ఆగకపోతే 2024లో ఆ సందుల్లోకి పర్యాటకులు రావడాన్నే మానిపించాలని బోర్డులు మార్చారు. పెద్ద వీధి మాత్రం అందరిదీ కనుక అక్కడ ఎప్పటిలా తిరగొచ్చు. అంటే సమస్య పూర్తిగా తీరిందని కాదు. సగం తీరిందేమో.

అదే 2024లో ఫుజి పర్వతం దగ్గర ఒక ఊళ్లో, కొండ బాగా కనబడే చోట రెండున్నర మీటర్ల ఎత్తు నల్లటి తెర కట్టారు, ఫొటోల కోసం రోడ్డుకి అడ్డం పడుతున్నారని. కొన్నాళ్లకి తీసేశారనుకోండి. ఆ తెర గురించి ప్రపంచమంతా ముచ్చటగా చెప్పుకుంది. నాకు మాత్రం గియాన్ సంగతే పట్టుకుంది. ఎందుకంటారా? ఆ పేట పెద్దలు మైకోలను పిలిచి "సాయంత్రం పూట బయటికి రాకండమ్మా, అలా తయారవకండమ్మా" అని చెప్పలేదు. కెమెరా పట్టుకొచ్చినవాణ్ణి ఆగమన్నారు. ఆంక్ష ఎవరి మీద పెట్టాలో తెలిసిన మనుషులు.

మన దేశంలోనూ ఇలాంటి నియమం ఒకటుంది. అండమాన్‌లో జరావా తెగవారు ఉండే అడవి గుండా ఒక రోడ్డు పోతుంది. 2012లో, జరావా స్త్రీల చేత పర్యాటకుల ముందు నాట్యం చేయిస్తున్న వీడియో ఒకటి లండన్ పత్రికలో బయటపడింది. తినడానికేదో ఇస్తామంటూ ఆడించారు! పార్లమెంటు దాకా వెళ్లిందా గొడవ. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలను ఆ ఏడే సవరించి శిక్షలు పెంచారు. ఆ దారిలో వెళుతూ జరావాల ఫొటో తీయడం ఇవాళ నేరం. అంత దూరం ఎందుకు, మన అరకులో థింసా ఆడే అడవిబిడ్డలున్నారు. డబ్బిచ్చి, రమ్మని పిలిచి, వేదిక మీద ఆడినప్పుడు తీసిన ఫొటో వేరు. పొయ్యి దగ్గర కూచుని పిల్లకి పాలిస్తుంటే గుమ్మంలోంచి తీసిన ఫొటో వేరు. ఇందులో అర్థం కానిదేముంది? అయినా రెండోదే ఎక్కువ 'సహజంగా' వచ్చిందని మురిసిపోయేవాళ్లున్నారు.

చట్టం ఏమంటోంది?

మాటు వేసి స్త్రీని చూడడం, ఫొటో తీయడం నేరమని మన చట్టంలోకి వచ్చింది 2013లోనే. నిర్భయ ఘటన తర్వాత ఐపీసీలో 354-సి సెక్షన్‌గా చేర్చారు. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షన్. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్లు, మళ్లీ చేస్తే మూడు నుంచి ఏడేళ్లు జైలు. వినడానికి గట్టిగానే ఉంది. కానీ అది వర్తించేది ఏకాంతంలో చేసుకునే పనులకు. బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, అలాంటివి. పార్కులో బెంచీ మీద కూచున్న అమ్మాయిని అడక్కుండా తీస్తే ఈ సెక్షన్ కిందికి రాదు. 2024లో కేరళ హైకోర్టు ముందుకి సరిగ్గా ఇదే వచ్చింది. ఇంటి ముందు నిలబడి ఉన్న స్త్రీ ఫొటోలు ఎవరో తీశారు. ఏకాంతం ఆశించని చోట తీసిన ఫొటోకి 354-సి వర్తించదని కోర్టు తేల్చింది. మిగతా సెక్షన్ల సంగతి కింది కోర్టు చూసుకోవాలంది.

ఆ మిగతావే మనకు పనికొచ్చేవి. స్త్రీ గౌరవాన్ని కించపరిచేలా సైగలు చేసినా, మాటలన్నా, ఆమె ఏకాంతంలోకి చొరబడినా న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. వద్దన్నా వినకుండా వెంటపడితే 78. ఐటీ చట్టంలో 66-ఇ అని ఉంది. శరీరంలోని రహస్య భాగాల చిత్రం అనుమతి లేకుండా తీసినా, పంపినా మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చోటు బహిరంగ స్థలమైనా సరే, ఇది వర్తిస్తుంది. ఈ ముక్క చాలామందికి తెలియదు, పోలీసు స్టేషన్‌లో గట్టిగా చెప్పండి. అప్పటికప్పుడైతే 112కి ఫోన్ చేయవచ్చు. తెలంగాణలో షీ టీమ్స్ 2014 నుంచి ఉన్నాయి. ఫొటో ఇంటర్నెట్‌లోకి ఎక్కిందని తెలిస్తే 1930. లింకు, తేదీ, అకౌంటు పేరు కనబడేట్టు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి. కోపంలో ఆ పోస్టు కింద తిట్లు రాసి, వాడు దాన్ని తీసేస్తే మన చేతిలో ఏమీ మిగలదు.

"అయితే ఇక ఎక్కడా ఫొటోలే తీయకూడదంటావా?" అని మావారు అడిగారు. అలా అనడం లేదు. చార్మినార్ ముందు పిల్లని నిలబెట్టి ఫొటో తీస్తే వెనకాల వందమంది పడతారు. వాళ్లందరి దగ్గరా సంతకాలు తీసుకుంటామా? ఫొటోలో పడడం వేరు, ఫొటోకి గురి కావడం వేరు. ఎక్కడ పడితే అక్కడ ఫోన్లు నిషేధిస్తే ముందు నష్టపోయేదీ మనమే. సాయం పిలవడానికైనా, రుజువు పట్టుకోవడానికైనా మన చేతిలో ఉన్నది ఆ ఫోనే కదా. మనకు కావలసింది, బట్టలు మార్చుకునే గదులు, స్నానాల రేవులు, ఈత కొలనులు, జలపాతాల మడుగుల దగ్గర స్పష్టమైన నిషేధం. మిగతా చోట్ల 'అడగకుండా ఇతరుల ఫొటో తీయవద్దు' అన్న బోర్డు, వద్దన్న మనిషి మాట వినే సిబ్బంది. అంతే.

ఈ ఏర్పాటు లేకపోతే ఆంక్ష మాయమైపోదు, మన మీదికి తిరుగుతుంది. "ఆ జలపాతానికి వెళ్లొద్దు", "ఆ బట్టలేసుకోవద్దు", "అసలు ఈ ఏడు ఎక్కడికీ వద్దు". జలపాతం నుంచి వచ్చిన రాత్రి మా వదిన కూతురితో మేం అన్న మాటలూ ఇవే, ఒప్పుకోవాలి. తొమ్మిదో తరగతి పిల్ల. "వాళ్లు చేస్తే నాకెందుకు?" అంది. మా ఇద్దరిలో ఒక్కరం జవాబు చెప్పలేకపోయాం.

2025లో ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో పూసల దండలు అమ్ముకోవడానికి వచ్చిన మధ్యప్రదేశ్ అమ్మాయి గుర్తుందా? కళ్లు బావున్నాయని ఎవరో వీడియో పెట్టారు. ఇక చూడాలి, దండలు కొనేవాడు లేడు, ఫోన్లు పట్టుకుని వెంటపడేవాళ్లే. ఆ పిల్ల ముఖం కప్పుకుని పరుగెత్తాల్సి వచ్చింది. చివరికి తండ్రి ఆమెను ఇంటికి పంపించేశాడు. తర్వాత ఆమెకు సినిమా అవకాశం వచ్చిందని మనమంతా సంతోషించాం. కానీ ఆవేళ మేళాలో బేరం పోగొట్టుకున్నదెవరు? కెమెరాలు ఉండిపోయాయి. పూసల పిల్ల వెళ్లిపోయింది.

ఘాట్ల దగ్గర

అదే కుంభమేళాలో ఇంకా అధ్వానం జరిగింది. స్నానాలు చేస్తున్న, బట్టలు మార్చుకుంటున్న స్త్రీల వీడియోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు, టెలిగ్రామ్‌లో అమ్మకానికి పెట్టారు. ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ పోలీసులు ఆ అకౌంట్ల మీద కేసులు పెట్టారు. దీనికి ఆరేళ్ల ముందు, 2019 కుంభమేళా సమయంలోనే, స్నాన ఘట్టాలకు వంద మీటర్ల లోపు ఫొటోలు తీయరాదని అలహాబాద్ హైకోర్టు చెప్పింది. మాట ఉంది, ఘాట్ ఉంది. మధ్యలో నిలబడి ఫోను దించమనే మనిషే చాలలేదు.

మనకు గోదావరి పుష్కరాలు 2027లో. రాజమహేంద్రవరం, కొవ్వూరు, భద్రాచలం, బాసర... ఎన్ని రేవులు, ఎంతమంది ఆడవాళ్లు! 2015 పుష్కరాల్లో మా అత్తయ్య రేవు మెట్ల మీద, నలుగురు చీరలు అడ్డం పట్టుకుంటే బట్టలు మార్చుకుంది. అప్పుడు అందరి చేతుల్లో ఇలాంటి ఫోన్లు లేవు, పైన డ్రోన్లూ ఇన్ని లేవు. ఈసారి పై నుంచి కూడా తీస్తారు. చీర అడ్డం పట్టుకుంటే సరిపోదు, పైకప్పు కావాలి.

కాబట్టి పుష్కరాల పనులు చూసే అధికారులను అడగవలసినవి కొన్నున్నాయి. ఏయే రేవుల దగ్గర ఎన్ని గదులు కడుతున్నారు, వాటికి పైకప్పులున్నాయా? ఆడవాళ్ల రేవు దగ్గర ఫొటోలు తీయరాదన్న బోర్డు ఏ మెట్టు దగ్గర పెడతారు? దాని పక్కన తెల్లవారుజామున నాలుగింటికి ఎవరు నిలబడతారు, మహిళా కానిస్టేబులా, వాలంటీరా? టీవీల వాళ్ల కెమెరాలు, ప్రభుత్వం వారి డ్రోన్లు ఆ రేవులకు ఎంత దూరంలో ఆగాలి? ఎవరైనా తీస్తూ పట్టుబడితే ఫోను ఎవరికి అప్పగించాలి, ఫిర్యాదు రాసుకునే బల్ల ఘాట్ మీదే ఉంటుందా, లేక తడి బట్టలతో ఊళ్లో స్టేషన్ దాకా నడవాలా?