పేరు తేలాకే మందు

కోళ్లు తుమ్ముతున్నాయి. ముఖాలు వాచాయి. గుడ్లు తగ్గాయి. రైతు సోదరులారా, వెంటనే మీరేం చేస్తారు? మందుల షాపుకు పరుగెత్తి, కిందటిసారి వాడిన యాంటీబయాటిక్‌నే తెచ్చి నీళ్లలో కలుపుతారు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ లక్షణాలు కొరైజాలోనూ కనిపిస్తాయి, ఆర్నితోబాక్టీరియం సోకినా కనిపిస్తాయి. ఈ రెండోది ఏ కోవకు చెందుతుందో చాలాకాలం తేలలేదు. చివరకు 1994లో శాస్త్రజ్ఞులు దాన్ని ప్రత్యేక ప్రజాతిగా గుర్తించి ఈ పేరు పెట్టారు. కొరైజా సూక్ష్మజీవిని కూడా 2005లో హీమోఫిలస్ నుంచి తప్పించి ఏవిబాక్టీరియంలో చేర్చారు.

పేర్లు మారితే మనకేంటి అనుకోకండి. ఆర్నితోబాక్టీరియం మీద జెంటామైసిన్ చాలావరకు పనిచేయదు. కొరైజాలో ఎ, బి, సి అని మూడు రకాలున్నాయి. ఎ రకం టీకా వేస్తే సి రకం ఆగదు. రోగం ఒకటి, మందు ఒకటి అయితే డబ్బూ పోతుంది, కోళ్లూ పోతాయి.

అందుకే మందు పెట్టకముందే జబ్బుపడ్డ కోళ్లను, అప్పుడే చనిపోయిన వాటిని ల్యాబ్‌కు చేర్చండి. ఏ సూక్ష్మజీవో, దానికి ఏ మందు పనిచేస్తుందో రాసివ్వమని గట్టిగా అడగండి. రిపోర్టు వచ్చేదాకా ఆగలేకపోతే డాక్టరు చెప్పిన మందు మొదలుపెట్టండి. కానీ శాంపిల్ తీశాకే సుమా!