గ్రౌండు అంటే 2400 చదరపు అడుగులేనా?

ఇది కొంచెం పొడుగు. కాఫీ పెట్టుకుని చదవండి.

మేము చదువుకున్నది అరవ బడిలో. తెలుగు అక్షరాలు రైల్వేలో గుమాస్తాగా చేరిన తరువాత దిద్దుకున్నవి. రాతలో తప్పుంటే మన్నించండి. విషయంలో తప్పుంటే మాత్రం మన్నించకండి, నిలబెట్టి అడగండి.

పోయిన మీటింగులో ఒక మాట వచ్చింది. "ఈ పాత హాలు, వెనకాల పిల్లలు బంతి ఆడే ఖాళీ జాగా, ఇదంతా ఊరి నడుమ మనకెందుకు? అమ్మితే వచ్చే డబ్బుకి ఊరి బయట మూడింతలు కొనొచ్చు" అని. సగం మంది తల ఊపారు. ఆ పూట మేము నోరు తెరవలేదు. మా సొంత హాలు మీద ప్రేమతో మాట్లాడితే "ముసలాళ్ళ బెంగ" అంటారని తెలుసు. అందుకని మనకు చుట్టమూ పగా లేని దేశం నుంచి సాక్ష్యం తెచ్చాం. ఇదే మాట నమ్మి, ఇదే పని చేసి, ఏమయ్యారో లెక్క తేలిపోయినవాళ్ళు ఇంగ్లండులో ఉన్నారు.

రిటైరయ్యాక మా నలుగురికీ పట్టిన పిచ్చి ఇంగ్లండు చిన్న క్లబ్బుల ఫుట్‌బాల్. మాంచెస్టర్, లివర్‌పూల్ కాదు. వాటికి ఎన్నో మెట్ల కింద, ప్రాంతాల వారీ లీగులు ఉంటాయి. వారమంతా వేరే ఉద్యోగం చేసుకుని శనివారం మూడు గంటలకి బూట్లు కట్టేవాళ్ళ ఆట. చూసేవాళ్ళు రెండు మూడు వందలు. ఒకప్పుడు ఇందులో పెద్ద భాగం అమెచ్యూర్ ఆట, అంటే జీతం లేని ఆట. 1905లో లండన్ చుట్టుపక్కల పుట్టిన ఇస్త్‌మియన్ లీగ్ అయితే గెలిచినవాళ్ళకి కప్పు కూడా ఇచ్చేది కాదు, గౌరవం చాలు అనేది. 1974లో అమెచ్యూర్, ప్రొఫెషనల్ అన్న తేడానే అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ ఎత్తేసింది. ఆపైన ఈ క్లబ్బుల చేతిలో విలువైనదంటూ మిగిలింది ఒక్కటే, ఆడే నేల. బిల్డర్లకీ అది తెలుసు.

మా చెన్నై పక్క గ్రౌండు అంటే రెండు అర్థాలు. ఒకటి ఆడుకునే చోటు. రెండోది 2400 చదరపు అడుగుల స్థలం. ఇంగ్లండులో జరిగిన గొడవంతా ఈ రెండు అర్థాల మధ్యనే జరిగింది.

ముందు మా రైల్వే కథ. లాంకషైర్‌లో హార్విచ్ అనే ఊరు. లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే అక్కడ ఇంజన్ల కార్ఖానా పెట్టింది. కార్మికుల కోసం ఒక ఇన్‌స్టిట్యూట్. రైల్వే కాలనీలో పెరిగినవాళ్ళకి ఇన్‌స్టిట్యూట్ అంటే ఏమిటో చెప్పక్కరలేదు. మనకున్నదీ ఆ చెట్టు కొమ్మే. 1896లో అక్కడ పుట్టిన క్లబ్బు పేరు హార్విచ్ ఆర్.ఎమ్.ఐ., రైల్వే మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్. గ్రౌండు పేరు గ్రండీ హిల్. పేరుకు తగ్గట్టే ఏటవాలు నేల. 1983లో కార్ఖానా మూతపడింది. క్లబ్బు మాత్రం ఆడుతూనే ఉంది. పన్నెండేళ్ళ తరువాత డబ్బు చాలక గ్రౌండు అమ్మి, 1995లో పొరుగు ఊరు లీ వెళ్ళి, రగ్బీ వాళ్ళ గ్రౌండులో అద్దెకి దిగింది. పేరు లీ ఆర్.ఎమ్.ఐ. అయింది.

ఇక్కడ ఆగి ఒక నిజం ఒప్పుకోవాలి. మొదట బాగానే జరిగింది. 2000లో పై మెట్టుకి ఎక్కి, దేశమంతటి కాన్ఫరెన్స్ లీగులో చేరింది. అమ్మినవాళ్ళు "చూశారా" అని ఉంటారు. కానీ లీ ఊరు రగ్బీ ఊరు. అక్కడి జనానికి ఈ క్లబ్బు చుట్టం కాదు. హార్విచ్ జనానికి ఇది ఇంక వాళ్ళది కాదు. 2005లో కిందికి దిగింది. 2008లో రైల్వే మాట తీసేసి లీ జెనెసిస్ అని పేరు పెట్టారు. జెనెసిస్ అంటే పుట్టుక. 2011లో మూతపడింది. కార్ఖానా మూతపడితే చావని క్లబ్బు, గ్రౌండు పోయాక పదహారేళ్ళలో చచ్చిపోయింది. గ్రండీ హిల్ మీద ఇప్పుడు ఇళ్ళున్నాయి. అన్నిటికంటే చేదు సంగతి: వీళ్ళు వెళ్ళిపోయిన రెండేళ్ళకి, 1997లో, బోల్టన్ వాండరర్స్ అనే పెద్ద క్లబ్బు తన కొత్త స్టేడియం కట్టుకున్నది ఎక్కడనుకున్నారు? హార్విచ్‌లోనే.

ఇప్పుడు లండన్ తూర్పు పక్కకి రండి. ఇల్ఫర్డ్ పేరు ఎక్కడో విన్నట్టు ఉందా? 1948 ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత జట్టు ఫ్రాన్స్‌తో ఆడింది ఇల్ఫర్డ్‌లోనే. మనవాళ్ళలో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడారు. రెండు పెనాల్టీలు చేజారాయి. బెంగుళూరు సారంగపాణి రామన్ ఒక గోల్ కొట్టాడు. 2-1తో ఓడిపోయాం. ఆ ఊరి క్లబ్బు ఇల్ఫర్డ్ 1881లో పుట్టింది. ఇస్త్‌మియన్ లీగ్ మొదలెట్టిన క్లబ్బుల్లో ఒకటి. 1929, 1930 వరుసగా అమెచ్యూర్ కప్పు గెలిచింది. 1970ల చివర దాని గ్రౌండు, లిన్ రోడ్, పోయింది. 1979లో పక్క పేట క్లబ్బు లేటన్‌స్టోన్‌తో కలిసింది. 1988లో ఇంకో పాత అమెచ్యూర్ క్లబ్బు, వాల్తమ్‌స్టో ఎవెన్యూ, వచ్చి ఇందులో కలిసింది. దాని గ్రౌండు గ్రీన్ పాండ్ రోడ్ మీద కూడా 1948 ఒలింపిక్స్ ఆట జరిగింది. అక్కడా ఇళ్ళు లేచాయి. మూడూ కలిసి రెడ్‌బ్రిడ్జ్ ఫారెస్ట్ అయ్యాయి. అదీ నిలవక 1992లో డాగెన్‌హామ్‌తో కలిసి డాగెన్‌హామ్ అండ్ రెడ్‌బ్రిడ్జ్ అయింది.

"కలిస్తే బలం కదా, ఆ క్లబ్బు 2007లో ఫుట్‌బాల్ లీగ్ దాకా ఎక్కింది కదా" అని తెలిసినవాళ్ళు అడుగుతారు. నిజమే. ఆ ఆటగాళ్ళని మేము తక్కువ చేయడం లేదు. కానీ లెక్క సరిగ్గా చూడండి. నాలుగు పేటల క్లబ్బుల్లో సొంత చోట మిగిలింది ఒక్క డాగెన్‌హామ్. గ్రౌండు ఉన్నది డాగెన్‌హామ్‌కే. నేల ఎవరిదో, చివరికి పేరు వాళ్ళదే ముందు నిలిచింది. ఇల్ఫర్డ్ పేరుతో 1987లో మళ్ళీ ఒక క్లబ్బు పుట్టింది. కింది మెట్టు నుంచి మళ్ళీ నడక మొదలు.

మన మీటింగులో చెప్పిన మాటకి అచ్చు జంట కథ ఎన్‌ఫీల్డ్‌ది. చిన్న క్లబ్బుల్లో మహారాజులాంటి క్లబ్బు, అమెచ్యూర్ కప్పు రెండు సార్లు గెలిచింది. 1999లో సౌత్‌బరీ రోడ్ గ్రౌండు అమ్మారు. ఊళ్ళోనే కొత్తది వస్తుందన్నారు. రాలేదు. పరాయి గ్రౌండ్లలో తిరిగి తిరిగి అభిమానులు విసిగిపోయారు. 2001లో వాళ్ళే ఎన్‌ఫీల్డ్ టౌన్ అని తమ సొంత క్లబ్బు పెట్టుకున్నారు. పాత క్లబ్బు 2007లో అప్పుల్లో మునిగి పోయింది. కొత్త క్లబ్బుకి ఊళ్ళో స్థిరమైన గ్రౌండు దొరికింది 2011లో. అమ్మడానికి ఒక సంతకం. తిరిగి రావడానికి పన్నెండేళ్ళు.

అద్దె గ్రౌండులో బతకలేరా అంటే, క్లబ్బు తిండి ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. టిక్కెట్టు డబ్బు కొంతే. క్లబ్ హౌస్ బారు, టీ కొట్టు, గోడ మీద ప్రకటనలు, పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ హాలు అద్దె, వారం మధ్యలో పిల్లల జట్లు, ఇవన్నీ కలిస్తే బండి నడుస్తుంది. అద్దెకి దిగినవాడికి ఇందులో చాలాభాగం ఇంటి ఓనరుకే పోతుంది. ఆట తేదీకి కూడా ఓనరు జట్టు తరువాతే వంతు. పైపెచ్చు లీగు మెట్టు ఎక్కాలంటే ఫ్లడ్‌లైట్లు, కప్పున్న సీట్లు, చుట్టూ గట్టి నడకదారి ఉండాలని ఫుట్‌బాల్ అసోసియేషన్ రూలు. సొంత గ్రౌండు లేనివాడు ఇవి ఎవడి నేల మీద కడతాడు?

గ్రౌండులో కొంచెం అమ్మినా ప్రమాదం తప్పదు. దక్షిణ లండన్‌లో డల్విచ్ హామ్లెట్ క్లబ్బు, గ్రౌండు చాంపియన్ హిల్. పాత పెద్ద స్టేడియం పడగొట్టి, కొంత నేలలో సూపర్ మార్కెట్ వచ్చి, 1992లో చిన్న స్టేడియం మిగిలింది. తరువాత నేల ఒక ఆస్తుల కంపెనీ చేతికి పోయింది. 2018 మార్చిలో క్లబ్బుని బయటికి నెట్టి తలుపు వేశారు. అంతటితో ఆగక క్లబ్బు పేరునే ట్రేడ్‌మార్కుగా రాయించుకున్నారు. నూటపాతికేళ్ళ క్లబ్బుకి తన పేరు తాను వాడుకునే హక్కు లేదన్నమాట! జనం వీధికెక్కారు, లండన్ మేయరు దాకా మాట్లాడారు. ఆ డిసెంబరుకి క్లబ్బు తిరిగి ఇంటికి వచ్చింది. డల్విచ్‌కి వేల మంది అభిమానులున్నారు కాబట్టి గెలిచింది. రెండు వందల మంది ఉన్న క్లబ్బు గెలిచేదా?

"చట్టం కాపాడదా?" అంటే, కొంచెం కాపాడుతుంది. 2011 లోకలిజం చట్టం కింద ఊరివాళ్ళు ఒక గ్రౌండుని సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయించవచ్చు. అమ్మకానికి వస్తే, కొనుక్కుంటామని ఊరివాళ్ళు ముందుకొస్తే ఆరు నెలల గడువు ఇస్తారు. గడువు అయ్యాక ఓనరు ఎవరికైనా అమ్ముకోవచ్చు. ఆరు నెలల్లో లండన్ నేల ధర పోగు చేయమనడం, రైలు కదిలాక టిక్కెట్టు కొనమన్నట్టు ఉంది.

అలాగని చేయలేని పని కాదు. 1888 నుంచి ఆట జరుగుతున్న గ్రౌండు ఒకటి తూర్పు లండన్‌లో ఉంది, ఓల్డ్ స్పాటెడ్ డాగ్. క్లాప్టన్ క్లబ్బు నడిపే తీరు నచ్చక అభిమానులు 2018లో వేరుపడి క్లాప్టన్ కమ్యూనిటీ అనే సభ్యుల క్లబ్బు పెట్టారు. 2020లో ఆ నేలని పూర్తి హక్కుతో కొన్నారు. కోటీశ్వరుడెవరూ వెనక లేడు. చందా కట్టే సభ్యులు, జెర్సీలు కొన్నవాళ్ళు.

చివరి సాక్షి షెఫీల్డ్. అక్కడి షెఫీల్డ్ ఎఫ్.సి. 1857లో పుట్టింది, ప్రపంచంలో అన్నిటికంటే పాత ఫుట్‌బాల్ క్లబ్బు. దానికి తనదంటూ ఒక గ్రౌండు దొరికింది 2001లో, అదీ పక్క జిల్లా డ్రాన్‌ఫీల్డ్‌లో. దాని పక్క పేట క్లబ్బు హాలమ్. ఈ రెండూ 1860 డిసెంబరు 26న శాండీగేట్ అనే చోట ఆడాయి. హాలమ్ ఇప్పటికీ అక్కడే ఆడుతుంది. ప్రపంచంలో అన్నిటికంటే పాత ఫుట్‌బాల్ గ్రౌండని గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. హాలమ్ పెద్ద కప్పులేమీ గెలవలేదు, చిన్న లీగులోనే ఉంది. కానీ తాత ఆడిన ఏటవాలు మీద మనవడు ఆడుతున్నాడు. శాండీగేట్ అమ్మకానికి పెడితే ఎంత పలుకుతుందో షెఫీల్డ్ వాళ్ళకి తెలియక కాదు.

అమ్మడం ఎప్పుడూ తప్పేనని మేము అనడం లేదు. పైకప్పు కూలుతుంటే, అప్పు గొంతు మీద ఉంటే, కమిటీ వాళ్ళ కష్టం బయటివాళ్ళకి తెలియదు. కానీ ఇంగ్లండు క్లబ్బులు నేర్పిన మూడు పాఠాలు మన రూలు పుస్తకంలో రాసుకుందాం. ఒకటి, కొత్త చోట తలుపు తెరిచి దీపం పెట్టాకే పాత తాళం ఇవ్వాలి. రెండు, నేల అమ్మిన డబ్బు నేలకే పోవాలి, రోజువారీ ఖర్చుకి పైసా ముట్టకూడదు. మూడు, ఒక్క కమిటీ, ఒక్క మీటింగు, ఒక్క సాయంత్రం చేతులెత్తి అమ్మే వీలు లేకుండా దస్తావేజు ట్రస్టులో ఉండాలి.

వచ్చే మీటింగులో ఈ మూడూ తీర్మానంగా పెడతాం. అమ్మాలనేవాళ్ళు కూడా రండి. కొత్త స్థలం సర్వే నంబరు, దస్తావేజు నకలు, అక్కడికి బస్సు నంబరు తెచ్చి చూపించండి. చూపిస్తే మొదటి సంతకం మాదే. చూపించలేకపోతే, ఆ సాయంత్రం వెనక జాగాలో పిల్లల ఆట ఉంది. కుర్చీలు అటు తిప్పుకుని కూర్చుందాం.